సంచుల కాపలా ఎవరిది?

కార్తీకం వస్తోందంటే చాలు, ఇళ్ళల్లో వనభోజనాల కబుర్లు మొదలవుతాయి. వ్యాను మాట్లాడేది మగవాళ్ళు, ఎక్కడికన్నది తేల్చేది పిల్లలు. పులిహోర కలిపేది, కేరియర్లు సర్దేది, చాపలు చుట్టేది మనం. తీరా అక్కడికి వెళ్ళాక జలపాతం దాకా నడిచేదెవరు, సామాను దగ్గర కూర్చునేదెవరు? ఒక్కసారి మీ ఇంటి ఫొటోలు తిరగేయండి. నీళ్ళ కింద తడుస్తూ నవ్వుతున్న వాళ్ళలో మీరు, మీ అత్తగారు, మీ వదిన ఎన్నింట్లో ఉన్నారు?

వంటింటిని తీసుకెళ్ళి అడవిలో పెట్టడం విహారం కాదని నా అభిప్రాయం. అందుకే ఈసారి మా వీధి ఆడవాళ్ళం ఆరుగురం కూర్చుని ప్లాను వేశాం. భోజనాలకి కాదు, నడకకి. చోటు తలకోన. తిరుపతికి దగ్గర్లో, శేషాచలం అడవుల్లో, సుమారు 270 అడుగుల ఎత్తు నుంచి దూకే నీళ్ళు. సిద్ధేశ్వరస్వామి గుడి నుంచి కొండవాగు తోడుగా చెట్ల నీడన కాలిబాట. కొంత మెట్లు, కొంత రాళ్ళు. కొండచిలువల్లా చెట్లకి చుట్టుకున్న గిల్లతీగలు చూడ్డానికే రోజు చాలదు.

మొదట తేల్చుకున్నది టైము. మాలో పెద్దావిడకి అరవై రెండేళ్ళు, మోకాళ్ళ నొప్పి. ఆవిడ నడకే అందరి నడక. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి. కోనలో పొద్దు త్వరగా వాలిపోతుంది మరి. ఇక తిండి. స్టౌ లేదు, కేరియరు లేదు. ఎవరి చపాతీలు, ఎవరి వేరుశనగ ఉండలు, ఎవరి నీళ్ళు వాళ్ళ సంచిలో, ఆ సంచి వాళ్ళ వీపున. పిల్లల స్కూలు బ్యాగుల్లో పాతది ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది కదా! వీపున సంచి ఉంటే కాపలా మనిషితో పనే లేదు. చేతులూ ఖాళీగా ఉంటాయి, జారితే పట్టుకోవడానికి. కోతులకి మాత్రం పొట్లం కనపడనివ్వకూడదు.

మర్యాద కోసం దాచుకునే సంగతి ఇంకొకటుంది. దారిలో బాత్‌రూము ఉండదని పొద్దున్నించీ నీళ్ళు తాగకుండా ఉండే అలవాటు మనకి. ఎండలో కళ్ళు తిరిగి పడేది అందుకే. నీళ్ళు తాగండి. వాగుకి దూరంగా, చీర అడ్డం పట్టుకుని ఇద్దరు నిలబడితే సరిపోతుంది. నెలసరి వస్తుందని మాత్రలు మింగక్కర్లేదు. వాడిన ప్యాడ్ కాగితంలో చుట్టి, కవర్లో పెట్టి, తిరిగి ఇంటికే తెచ్చుకోవాలి. ఆ వాగు నీళ్ళు కింద ఎవరో ఒకరు వాడుకునేవే.

మరి కార్తీకంలోనే వెళ్దామా? ఇక్కడ నేను పట్టుబట్టాను, వద్దని. మన ప్రాంతానికి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. 2021 నవంబరు 19న, అదీ కార్తీకమాసమే, ఈ కొండలకి ఉత్తరాన చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళు కొట్టుకుపోయాయి. అంత కాకపోయినా, పైన కొండల్లో వాన పడితే మన నెత్తిన ఎండ కాస్తుండగానే వాగు పొంగుతుంది. తేట నీరు ఉన్నట్టుండి ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా ఫొటోలు ఆపి గట్టెక్కాలి. అందుకని జనవరి మొదటివారం అనుకున్నాం. అప్పటికి వానలు తగ్గుతాయి, వాగు మాత్రం ఇంకా పారుతూనే ఉంటుంది.

"ఆడవాళ్ళే వెళ్తారా?" అని అన్ని ఇళ్ళల్లోనూ అడిగారు. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి అడవిలో మంటలు చుట్టుముట్టి ఇరవైమందికి పైగా చనిపోయారు. మహిళా దినోత్సవం పేరున కొండెక్కిన ఆడపిల్లలు అందులో చాలామంది. ఆ వార్త చూపించి మనల్ని ఇంట్లో కూర్చోబెట్టడం తేలిక. కానీ వాళ్ళని చంపింది ఆడవాళ్ళే వెళ్ళడం కాదు. ఎండిన గడ్డి, మంట. అనుమతి లేని దారిలో వెళ్ళారనీ అప్పట్లో తేలింది. మేం అటవీశాఖ వాళ్ళు పొమ్మన్న బాటలోనే పోతాం, దారి తెలిసిన స్థానికుణ్ణి వెంటపెట్టుకుంటాం. అడవిలో ఫోను అందకపోవచ్చు గనక ఎన్నింటికి తిరిగొస్తామో కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటిస్తాం. ఆ రోజు ఇంట్లోవాళ్ళ భోజనం సంగతి అందులో రాయం.

మా ఎదురింటాయన మాత్రం తోడు వస్తానన్నారు. తప్పకుండా రండి అన్నాం, మీ సంచి మీరే మోసుకోవాలని కూడా చెప్పాం. ఇంకా జవాబు రాలేదు.