పద్మాలకు పేరు రాసేదెవరు?

అరసవల్లి సూర్యదేవాలయంలో రథసప్తమి సందడికి కాస్త అటూఇటూగా, రిపబ్లిక్ డే ముందు, పద్మ పురస్కారాల జాబితా వెలువడుతుంది. మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లూ అందులోకి ఎక్కారు: 1957లో వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు, 1999లో వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి, 2020లో రంగస్థల నటుడు యడ్ల గోపాలరావు. ఊరూరా పద్యనాటకం ఆడిన మనిషిని ఢిల్లీ పిలిచి గౌరవించడం చిన్న సంగతి కాదు. ఈ పురస్కారాలు ఉండాలనే మేమంటాం.

అందరికీ న్యాయంగా అందుతున్నాయని మాత్రం అనలేం. ఆన్‌లైన్‌లో ఎవరైనా పేర్లు ప్రతిపాదించవచ్చు, నిజమే. కానీ రొమ్ముకు తప్పెట కట్టుకుని, గజ్జెలు ఘల్లుమనగా ఎగిరే తప్పెటగుళ్ల కళాకారుడికి, వాలుగ చేప దవడ ఎముకతో పత్తి శుభ్రం చేసే పొందూరు అవ్వకు ఆ దరఖాస్తు నింపేదెవరు? సినీతారలకు, పేరున్న డాక్టర్లకు ఆ బెంగ లేదు. పైగా మరణానంతరం ఇవ్వడం అరుదు. ముసలి కళాకారుడి విషయంలో ఆలస్యం చేయడమంటే ఎగ్గొట్టడమే.

అలాగని వీటిని రద్దు చేయాలా? 1977లో రద్దయిన పద్మాలు 1980లో మళ్లీ వచ్చాయి. ఇవి బిరుదులు కావని, పేరుకు తగిలించుకోరాదని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక రద్దు మాట అనవసరం. శ్రీకాకుళం, విజయనగరం కలెక్టరేట్లు ఏటా మండలాల నుంచి పేర్లు సేకరించి, దరఖాస్తులు తామే రాసి, గడువులోగా పంపాలి.