డాక్టరు డైరీ: అడగకుండా కూల్చరాదు

పోయిన నెల నా శీర్షిక రాలేదని సంపాదకులు ఫోనులో సుతిమెత్తగా చీవాట్లు పెట్టారు. తప్పు నాదే. ఆసుపత్రి వారు దయతలచి ఇచ్చిన పది రోజుల సెలవులో అమ్మనూ, శ్రీమతినీ, పిల్లలనూ కారులో ఎక్కించుకుని, డోవర్ దగ్గర ఓడ దాటి జర్మనీ వెళ్ళాను. కాబట్టి రోగాల గురించి రాయవలసిన ఈ పేజీలో ఈసారి గోడల గురించి రాస్తున్నాను. గోడలకూ రోగాలుంటాయని చదివాక మీరే ఒప్పుకుంటారు.

మోసెల్ నది ఒడ్డున బైల్‌స్టైన్ అని ఒక చిన్న ఊరుంది. అవతలి ఒడ్డు నుంచి కారుతో సహా బల్లకట్టు మీద దాటవచ్చు. 1309లో ఏడవ హెన్రీ రాజు దీనికి పట్టణ హక్కులు ఇచ్చాడు. ఈనాడు అక్కడ ఉండే జనం రెండు వందలకు లోపే. కొండమీద కోట ఒకప్పుడు మెట్టర్‌నిచ్ వంశం వారిది. 1689లో ఫ్రెంచి సైన్యం దాన్ని పేల్చేసి పోగా మొండిగోడలు మిగిలాయి. కోట కింద ద్రాక్షతోటలు, వాటి కింద ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడిన పాత ఇళ్ళు. చాలాకాలం సరైన బాట లేక మూలన పడి ఉండటమే ఆ ఊరికి రక్ష అయిందంటారు. అందుకే దానికి ‘మోసెల్ నిద్రాసుందరి’ అని ముద్దుపేరు.

నూరు పైచిలుకు మెట్లెక్కితే కార్మలైట్ సన్యాసుల చర్చి వస్తుంది. అందులో నల్లని మేరీమాత విగ్రహం ఉంది. మోకాళ్ళ నొప్పులని మూలిగే మా అమ్మ మెట్లన్నీ ఎక్కి, ఆ విగ్రహం ముందు చేతులు జోడించి, “మన అమ్మవారిలాగే ఉందిరా” అంది.

కోటనూ చర్చినీ కాపాడటంలో వింత లేదు, ఆ పని అన్ని దేశాలూ చేస్తాయి. నన్ను ఆపింది మామూలు ఇళ్ళు. జర్మనీలో కట్టడాల రక్షణ ఒక్కొక్క రాష్ట్రం చేతిలో ఉంటుంది. ఈ ఊరున్న రైన్‌లాండ్-ఫాల్ట్స్ రాష్ట్రం 1978లో దీనికి చట్టం చేసింది. అలాంటి చిన్న ఊళ్ళ జాబితాలు చూస్తే రైతు ఇల్లు, నుయ్యి, ఊరుమ్మడి రొట్టెల పొయ్యి, దారి పక్కన పాతిన రాతి శిలువ కూడా కనిపిస్తాయి. విడి ఇళ్ళే కాదు, అవసరమైతే వీధికి వీధినే ఒక్క కట్టడంగా లెక్కవేసి కాపాడవచ్చు. జాబితాలో ఉన్న ఇంటికి కిటికీ మార్చాలన్నా, కప్పు దించాలన్నా యజమాని ముందుగా జిల్లా కార్యాలయాన్ని అడగాలి. కొన్ని గోడల మీద నీలం, తెలుపు రంగుల చిన్న డాలు బిళ్ళ ఉంటుంది. యుద్ధం వచ్చినా దీన్ని ముట్టుకోవద్దని చెప్పే గుర్తు అది, 1954 నాటి హేగ్ ఒడంబడికలో పుట్టింది. రెండు యుద్ధాలు చూసిన దేశం కదా!

మరునాడు దగ్గర్లోనే ఇంకో పల్లెలో ఒక ఇంటికి మరమ్మతు జరుగుతుంటే పిల్లలు ఆగిపోయారు. యజమాని ముసలాయన, వచ్చీరాని ఇంగ్లీషులో లోపలికి పిలిచాడు. ఓక్ దుంగలతో చట్రం. చట్రం గళ్ళలో కర్రపుల్లల అల్లిక, దానిమీద గడ్డి కలిపిన మట్టి, పైన సున్నం. అమ్మ ఆ విప్పిన గోడ మీద చెయ్యి పెట్టి, “ఇది మన తడికగోడే కదురా!” అంది. నేను తర్జుమా చేస్తే ఆయన పొంగిపోయి అమ్మకు కుర్చీ వేశాడు.

ఆ గోడకు వచ్చిన జబ్బు చెబుతాను. ఆయన తండ్రి కాలంలో గట్టిగా ఉంటుందని పైన సిమెంటు పూశారట. మట్టీ సున్నమూ తడిని పీల్చుకుని మళ్ళీ గాలికి వదిలేస్తాయి. సిమెంటు వదలనివ్వదు. బీటల్లోంచి దిగిన వాన లోపలే నిలిచి, దుంగలు మొదలంటా కుళ్ళాయి. పైకి నున్నగా మూసుకుని లోపల చీము పట్టిన పుండు అన్నమాట! వైద్యమూ మా వైద్యంలాంటిదే. చెడినంత మేరకే కోసి, కొత్త ఓక్ ముక్క అతికి, మళ్ళీ మట్టీ సున్నమూ.

ఖర్చు మాటేమిటని అడిగాను. ఆయన నవ్వలేదు. ప్లాస్టిక్ కిటికీ పెడితే సగంలో పోయేది, కొయ్యదే పెట్టమన్నారు అన్నాడు. ఉపశమనం లేకపోలేదు. రక్షిత ఇంట్లో తానే ఉండే యజమాని, అనుమతితో చేసిన మరమ్మతు ఖర్చులో ఏడాదికి నూటికి 9 చొప్పున పదేళ్ళు ఆదాయపు పన్ను లెక్కలో తగ్గించుకోవచ్చు. పన్ను కట్టేంత ఆదాయం ఉన్నవాడికే ఆ మేలు. “మా అబ్బాయి పట్నంలో ఉన్నాడు, వాడు వస్తాడో రాడో” అన్నాడాయన. అమ్మకు ఆ మాట నేను తర్జుమా చేయలేదు. అయినా అర్థమైందనుకుంటాను.

బైల్‌స్టైన్ కోట పక్కన కొండమీద యూదుల శ్మశానం ఒకటి ఉంది. నాజీల తర్వాత ఆ ప్రాంతపు పల్లెల్లో యూదుల సంఘాలు లేకుండా పోయాయి. అడిగేవారూ, అడగదగ్గవారూ లేరు. అటువంటి దిక్కులేని శ్మశానాల ఆలన ప్రభుత్వాలు భరించాలని 1957లో ఒప్పందం జరిగింది. చెట్ల కింద ఆ రాళ్ళ మధ్య పిల్లలు కూడా గొంతు తగ్గించారు.

మన దేశంలో 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ఉంది. జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాలకది. తెనాలి దగ్గర మా తాతగారి మండువా ఇల్లు అందులోకి రాదు, రావాలనీ నేననను. ఇక్కడ నా నేరం ఒప్పుకోవాలి. ఆ ఇల్లు పడగొట్టి స్థలం అపార్టుమెంట్లకు ఇవ్వాలని వేసవిలో అన్నదమ్ములం ఫోనులోనే తీర్మానించాము. అమ్మ సంతకం కావలసి వచ్చింది. “ఇక్కడమ్మా” అని వేలుపెట్టి చూపించాను. పెట్టింది. ఏమంటావని అడగలేదు. పరాయి ఊళ్ళో కిటికీ మార్చడానికి అనుమతి అడుగుతారని ముచ్చటపడ్డవాణ్ణి, ఆ ఇంటికి కోడలుగా వచ్చిన మనిషిని అడగలేదు!

తిరిగి వచ్చాక అన్నయ్యకు ఫోను చేశాను. “బాగానే ఉంది, నువ్వొచ్చి ఉంటావా ఆ ఇంట్లో?” అన్నాడు. జవాబు లేదు నా దగ్గర. ఆయనే కదా చెదలూ, కారే కప్పూ చూసుకుంటున్నది. తర్వాత అమ్మను అడిగాను. కాఫీ చల్లార్చుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు. “ఉంచడమో తీయడమో మీ ఇష్టం. తీసే ముందు నేనొకసారి చూడాలి. వంటసావిడి తడికకి మట్టి మెత్తింది నేనూ, మీ నాయనమ్మాను” అంది.

సంక్రాంతికి వెళుతున్నాము. అప్పటిదాకా గడ్డపార పెట్టవద్దని అన్నయ్యను బతిమాలాను. కొలబద్ద, కెమెరా తీసుకుపోయి, ఏ గది ఏ కొలత, ఏ స్తంభం ఎవరు తెచ్చారో అమ్మ చెబుతుంటే రాసుకోవాలని ఉంది. ఇల్లు నిలుస్తుందని మాట ఇవ్వలేను.

మనలో చాలామంది సొరుగుల్లో ఇటువంటి కాగితాలు ఉండే ఉంటాయి. సంతకం పెట్టేముందు ఆ ఇంట్లో కాపురం చేసినవారిని ఒక్కమాట అడగండి. వచ్చే నెల మళ్ళీ రక్తపోటు గురించి రాస్తాను, సంపాదకులు కంగారు పడనక్కరలేదు.