గాజుపోగునకు స్పర్శజ్ఞానము

ఆప్టికల్ ఫైబరను సన్నని గాజుపోగు వార్తలను మోయునని మన బాలురందఱును చెప్పగలరు. పరీక్షలో నంతవఱకే యడుగుదురు గనుక మనమును పాఠము నచ్చటనే ముగించుచున్నాము. ఇది పొరపాటని నా యభిప్రాయము. ఆ పోగు తన్ను సాగదీయువానిని గుర్తెఱుగునని కూడ చెప్పవలెను.

1978లో కెనడాయందు కెన్నెత్ హిల్ మొదలగువారు పోగులోనికి లేజరు కాంతిని పంపుచుండగా, దాని నడిమి గాజులో సన్నని చాళ్లవంటి మార్పు లేర్పడి కాంతిని వెనుకకు మరల్చుట కనుగొనిరి. 1989 నాటికి అట్టి చాళ్లను బయటినుండియే అతినీలలోహిత కాంతితో వ్రాయ నేర్చిరి. చాళ్లు ఒక్క తరంగదైర్ఘ్యము గల కాంతినే మరల్చును. పోగు సాగినచో వాని యెడము పెరిగి, మరలు తరంగదైర్ఘ్యమును మాఱును. మిల్లీమీటరులో 8వ వంతు లావుగల యా పోగును వంతెన దూలమున కతికించి, దూలము సాగుటను దూరమునుండియే లెక్కింతురు.

అయితే ఎండయు నట్లే చేయును. ఒక్క డిగ్రీ వేడి పెరిగిన, మీటరు పోగు మిల్లీమీటరులో ఇంచుమించు నూఱవ వంతు సాగినట్లు లెక్క కనబడును. మధ్యాహ్నపు టెండను జూచి వంతెన కూలునని బెదరుట నవ్వులపాలు. నిజముగా సాగు దూలమును జూచి యెండయేయని యూరకుండుట ప్రాణములకే ముప్పు. అందుచే ప్రక్కనే బిగింపులేని మఱియొక పోగు నుంచి, వేడివలని మార్పును దానివలన దెలిసి తీసివేయుదురు.

తరగతిలో నిది చెప్పగా నొక బాలుడు, "అయ్యగారూ, రెండవ పోగే పొరబడితే?" యని యడిగెను. సూత్రమును వల్లించువా డిట్లడుగడు. మార్కులకై తల్లిదండ్రుల తొందర నేనెఱుగుదును. అయినను ఈ పాఠమునకు మఱియొక గంట వేడుచున్నాను.