ఇరవై ఏళ్లకొక ఆలయం

జపాన్ యాత్రలో నారా సమీపంలోని హోర్యూజీ ఆలయానికి చేరి, అయిదంతస్తుల కొయ్య గోపురం ముందు మేము చాలాసేపు నిలబడిపోయాము. భూకంపాల దేశంలో సుమారు 1300 ఏళ్లుగా నిలిచిన కట్టడమది! నడిమి స్తంభం, కొద్దిపాటి కదలికకు తావిచ్చే కొయ్య అతుకులు ఆ కుదుపులకు తట్టుకొంటాయని మార్గదర్శి వివరించారు.

క్యోటోలోని ర్యోఆన్‌జీ తోటలో 15 శిలలున్నాయి. అరుగుపై ఎక్కడ కూర్చుని చూసినా ఒకటైనా కనుమరుగవుతుంది.

ఇసే మందిరాన్నయితే 20 ఏళ్లకొకసారి పక్క స్థలంలో కొత్తగా నిర్మిస్తారు. 2013లో జరిగినది 62వ పునర్నిర్మాణం. పాత వడ్రంగుల చేతిపని కొత్తవారికి అందేది ఆ పనిలోనే.

ఈ సంగతి విన్నప్పుడు మన కర్మాగారమే మా మనసులో మెదిలింది. చప్పుడును బట్టి బేరింగులోని లోపం చెప్పగల ఫిట్టరు గారు నిరుడు పదవీ విరమణ చేశారు. శాలువా కప్పి ఘనంగా సాగనంపాము. ఆ విద్యను అడిగి నేర్చుకొన్నవారు లేరు. ఆ తప్పు మాది.

మాకూ విరమణ దగ్గరపడుతున్నది. అందుచేత తిరిగి వచ్చిన నాటి నుండి ఇద్దరు యువ ఇంజనీర్లను వెంటబెట్టుకొని షాపులో తిరుగుతున్నాము. పాఠక మిత్రులారా, మీ విద్యను ఎవరి చేతిలో పెడుతున్నారు?