వాన చెప్పే వస్తోంది, కూలి ఎందుకు కోస్తారు?



కార్తీకం వచ్చిందంటే టీవీ వార్తల్లో ఢిల్లీ పొగమంచు, పంజాబు చలి. ఉత్తరాది మైదానాల్లో అప్పటికి వానాకాలం అయిపోతుంది. పడమటి మబ్బులు ఎప్పుడో తెచ్చే జల్లు అక్కడి గోధుమకు చాలు. మన సంగతి వేరు. నైరుతి వెనక్కు పోయి ఈశాన్య గాలి తిరిగాక, బంగాళాఖాతంలో వాయుగుండం లేచి మద్రాసు దగ్గర తీరం దాటిందంటే, రెండోనాటికి కోలారు మీద ముసురు పట్టేస్తుంది. స్వాతి, విశాఖ కార్తెల్లో వాన మన తాతలు ఎరిగినదే. జీవనది లేని జిల్లాలో చెరువుకు ఆ వానే దిక్కు. దాన్ని మేము తిట్టడం లేదు.

మేము అడిగేది వేరు. ఏటా వచ్చే ఈ వానను యాజమాన్యాలు "అకాల వర్షం", "దేవుడి పని" అని చెప్పి మన కూలి కోయడం ఏమి న్యాయం?

భారత వాతావరణ శాఖ సెప్టెంబరు ఆఖరుకో అక్టోబరు మొదటికో రాబోయే మూడు నెలల వాన అంచనా ప్రకటిస్తుంది. తమిళనాడు, కేరళ, కోస్తా ఆంధ్ర, రాయలసీమ, కర్ణాటక దక్షిణ లోతట్టు ప్రాంతం, ఈ అయిదింటికీ కలిపి చెప్పే మాట అది. మన జిల్లా చివరి దాంట్లోకి వస్తుంది. సగటు కంటే ఎక్కువ పడే అవకాశం ఇంత, తక్కువ పడే అవకాశం ఇంత అని చెబుతారు తప్ప మాలూరులో ఏ రోజు కురుస్తుందో చెప్పరు. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్‌నినో ఏడాది నైరుతి చిన్నబోయి ఈశాన్యం బలపడటం మామూలు. 2015లో అదే జరిగింది, నవంబరు, డిసెంబరుల్లో మద్రాసు మునిగింది. లానినా ఏడాది ఈశాన్యం తగ్గాలి. కానీ 2021 లానినా ఏడాదే, ఆ నవంబరులో మన చెరువులు మరవ పారాయి, కోతకొచ్చిన రాగి నీళ్ళలో పడుకుంది. కాబట్టి అంచనాలో "తక్కువ" అని ఉందని ధీమాగా కూర్చోకూడదు. ఏ ఏడాదైనా ఈ నెలల్లో పని ఆగే రోజులు ఉంటాయనే లెక్క వేసుకోవాలి.

పట్టు పనిలో ఉన్నవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. పురుగు చంద్రిక మీద గూడు కట్టే రోజుల్లో ముసురు పడితే ఆ గూటి దారం సరిగా ఊడి రాదు, మాటిమాటికీ తెగుతుంది. సున్నకట్టు రోగం తగిలితే గూడే ఉండదు. మార్కెట్టుకు గూళ్ళు తగ్గుతాయి, వచ్చినవి రెండిట్టా పెంచుతాయి, అంటే కిలో పట్టుకు ఎక్కువ గూళ్ళు పోయాలి. బేసిన్ ముందు కూర్చున్న అక్క అవే గంటలు, అదే వేడినీళ్ళలో చేతులు పెడుతుంది. తూకం తగ్గింది కాబట్టి కూలి తగ్గుతుంది. గూటికి పట్టిన తేమ ఆమె తప్పా?

కె.జి.ఎఫ్. నుంచి బెంగుళూరు గార్మెంట్సుకు పోయేవాళ్ళది ఇంకో కథ. 2001లో గనులు మూతపడ్డాక ఎన్నో ఇళ్ళు మారికుప్పం రైలు మీదే బతుకుతున్నాయి. వానకు రైలు ఆలస్యమైతే గేటు దగ్గర అరపూట కోత. మేము రింగ్ ఫ్రేము మీద పనిచేసిన రోజుల్లో ఒక తుపాను రాత్రి కరెంటు పోయింది. నడిజామున మమ్మల్ని ఇళ్ళకు తోలి, నెలాఖరున షిఫ్టంతా కోశారు. ఆ మిల్లు పేరు ఎందుకులెండి.

చట్టం చూపించండి అంటారు. లే-ఆఫ్ అయితే సగం వేతనం ఇవ్వాలనే నిబంధన యాభై మందికి తక్కువ పనిచేసే చోట వర్తించదు. మన రీలింగ్ యూనిట్లలో పదిమంది, ఇరవైమంది. చట్టం ఆ గుమ్మం దాకా రాదు. చిన్న రీలర్ల కష్టం మాకు తెలియనిది కాదు, వాళ్ళలో నిన్నటి కూలీలు ఉన్నారు. అందుకే ఎండ కాసే నెలల్లో కిలో పట్టుకు ఇంత అని ఇద్దరం కలిసి పక్కన పెట్టి, వాన నెలల్లో ఆగిన రోజుకు సగం కూలి అందులోంచి ఇద్దామంటున్నాము. పెద్ద గార్మెంట్సు యాజమాన్యాలకు ఈ సడలింపు లేదు. రైలు ఆలస్యమైన రోజు గంట వరకు పూర్తి హాజరు వేయాలి.

అంచనా వెలువడిన వారంలోనే, స్వాతి కార్తె రాకముందే, ఈ మాట మీద కూర్చుని మాట్లాడమని యాజమాన్యాలకు ఉత్తరాలు ఇస్తున్నాము. మాట్లాడటానికి లెక్క కావాలి. పోయిన ఏడాది వాన రోజుల్లో ఎవరికి ఎన్ని పూటలు పోయాయో, ఎంత కోశారో తేదీలతో రాసి, కూలి చీటీ ఉంటే జతచేసి, మీ ఖాతా ప్రతినిధికి ఇవ్వండి. రాయడం రానివాళ్ళు ఆదివారం పొద్దున యూనియన్ ఆఫీసుకు రండి, మేము రాస్తాము.