సీటుకు ఉప్పుకాగితం వద్దు

సంపాదకులకు,

జారే బైక్ సీటును ఉప్పుకాగితంతో రుద్దమని గత సంచికలో రాశారు. ఆ ముచ్చటా నాకు తీరింది. పాత బుల్లెట్‌కు ఇష్టపడి అసలు తోలుతో సీటు కుట్టించుకున్నాను. రుద్దిన చోట పైపూత లేచిపోయింది. తొలి వానకే నీళ్లు పీల్చి, ఎండాక అప్పడంలా బిరుసెక్కింది.

జారుడంతా పాలిష్‌దే. సర్వీసింగులో కొట్టే సిలికాన్ పాలిష్‌తో సీటు అద్దంలా మెరుస్తుంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర బ్రేకు వేస్తే చాలు, వెనక కూర్చున్న మా ఆవిడ సర్రున జారి వచ్చి నా వీపుకు గుద్దుకునేది. తిట్లు మాత్రం నాకు! తోలుకు వాడే సబ్బుతో, తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడిచి, నీడన ఆరబెట్టి, తేనెమైనం కలిసిన క్రీము పల్చగా రాశాక పట్టు వచ్చింది. మనలో చాలామందివి రెక్సిన్ సీట్లే కదా, వాటికి మామూలు సబ్బునీళ్లు చాలు.

అప్పటికీ జారుతుంటే సీటు ముందుకు వాలి ఉందేమో చూడండి. సీట్లు కుట్టేవాళ్లు ముందువైపు స్పాంజి కాస్త పెంచి, కూర్చునే చోట గరుకు ముక్క వేసిస్తారు.

ఈసారి బండి సర్వీసింగుకు ఇచ్చేటప్పుడు ‘సీటుకు పాలిష్ వద్దు’ అని జాబ్ కార్డు మీద రాయించండి.

– ఒక పాఠకుడు, తెనాలి