అది చాదస్తం కాదు, జబ్బు



శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్ల నుండి పెద్దవారిని ఓ.పి.కి తీసుకువచ్చే కుటుంబాల నోట మేము తరచుగా వినే మాట ఒకటుంది. "సిస్టర్, మా అత్తమ్మ పొద్దున తిన్నది మరిచిపోతది. నలభై ఏండ్ల కిందటి సంగతులు మాత్రం పూసగుచ్చినట్టు చెప్తది. అంతా నాటకమే." కొందరు పెద్దలు సాయంత్రం కాగానే పొలానికి పోతామని బయలుదేరతారు. ఆ పొలం ఇప్పుడు లేదు. 2008 మార్చిలో మొదలైన విమానాశ్రయం దాదాపు 5,500 ఎకరాలలో ఉంది. వారి పొలం అందులో కలిసిపోయి చాలా ఏళ్లయింది. ఇంట్లోవారు విసుక్కుంటారు, కొందరు చేయి కూడా చేసుకుంటారు.

అది నాటకం కాదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

1906లో జర్మనీ వైద్యుడు అలోయిస్ అల్జీమర్, మతి తప్పి మరణించిన ఒక స్త్రీ మెదడును పరీక్షించి, అందులో మచ్చలు, కణాల లోపల చిక్కుముడులు ఉన్నాయని తెలియజేశాడు. ఆ చిక్కుముడులు "టౌ" అనే ప్రొటీన్‌వని 1980లలో తేలింది. టౌ పుట్టుకతో చెడ్డది కాదు. అది మన అందరి మెదడులో ఉంటుంది. నరాల కణాలలో సరుకులు చేరవేసే సన్నని గొట్టాలను నిలబెట్టి ఉంచేది అదే. రంగారెడ్డి జిల్లాలో ద్రాక్ష పందిళ్లు చూసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. కట్టుతీగలు ఊడితే పందిరి కుంగుతుంది, ఊడిన తీగలు చిక్కుపడతాయి. టౌ మీద ఫాస్ఫేట్ మోతాదు మించి చేరితే అది గొట్టాలను వదిలేసి ముడులు పడుతుంది. సరఫరా ఆగిపోయి కణం చనిపోతుంది.

అల్జీమర్స్ జబ్బులో ఈ ముడులు తొలిదశలోనే కణతల లోపలి వైపు, కొత్త జ్ఞాపకాలను భద్రపరిచే చోట పడతాయి. అందుకే పొద్దుటి అన్నం గుర్తుండదు, పాత పొలం గుర్తుంటుంది. కొందరిలో టౌ నుదుటి వెనుక భాగాన్ని దెబ్బతీస్తుంది. అప్పుడు ఎంతో మర్యాదస్థుడు కూడా నలుగురిలో బూతులు మాట్లాడవచ్చు. పి.ఎస్.పి. అనే మరో టౌ జబ్బులో కళ్లు కిందికి తిప్పడం కష్టమై, మాటిమాటికి వెనక్కి పడిపోతారు. ముడి ఎక్కడ పడితే అక్కడి పని చెడుతుంది. ఇది స్వభావం కాదు, దయ్యం కాదు, పాపానికి శిక్ష అంతకన్నా కాదు.

ప్రార్థన చేయించండి, దానితోపాటు డాక్టరుకు చూపించండి. బి12 లోపం, థైరాయిడ్, దిగులు, కొన్ని మందులు కూడా మతిమరుపు తెస్తాయి. వాటికి చికిత్స ఉంది. అల్జీమర్స్‌కు 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ మచ్చలను తగ్గిస్తుంది, జబ్బు వేగాన్ని కొంత నెమ్మదింపజేస్తుంది, కానీ నయం చేయదు. టౌ ముడులను విప్పే మందు ఏదీ ఇంకా ఆమోదం పొందలేదు. కనుక ఖరీదైన స్కానింగుల కోసం అప్పులపాలు కావద్దని మా మనవి. ఈ జబ్బుకు ముందుగా కావలసినవి మనుషుల చేతులు.

మన నగరం నుండే ఒక మంచి మాట వినవచ్చింది. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. రెండు, మూడు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువురానివారిలోనూ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడుకునే మన ప్రాంతానికి ఇది సంతోషకరం. పనిలో ఉన్న మెదడు దెబ్బను ఎక్కువ కాలం ఓర్చుకుంటుందని దీనిని బట్టి అనుకోవచ్చు. పెద్దలను మూలన కూర్చోబెట్టక మాట్లాడించండి.

మా తప్పు కూడా ఒప్పుకుంటున్నాము. ఒకప్పుడు రాత్రి డ్యూటీలో, లేచి తిరిగే పెద్దవారిని మంచానికి కట్టిన రోజులున్నాయి. కట్టిన కొద్దీ వారి భయం పెరిగింది. పక్కన కూర్చొని "ఆ పొలంలో జొన్న వేసేవారా, కంది వేసేవారా?" అని అడిగితే శాంతించారు. పొలం లేదని వాదించవద్దు. జేబులో చిరునామా, ఫోన్ నంబరు ఉన్న చీటీ పెట్టండి. మనది హైవే పక్కన ఉన్న ఊరు. సలహా కావాలంటే పెద్దల సహాయవాణి 14567 ఉంది.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో ప్రచురితమైన అంచనా. కొడుకులు ఈ విమానాశ్రయం నుండే విదేశాలకు వెళుతున్నారు. వారు పంపే డబ్బు అవసరమే. కానీ రాత్రి మూడు గంటలకు తలుపు దగ్గర అత్తను ఆపేది, బట్టలు మార్చేది ఇంట్లో మిగిలిన ఒక్క కోడలు. ఆమె గుడికి రాక ఎన్ని ఆదివారాలైందో మనం అడిగామా?

ప్రతి సంఘం నుండి ఇద్దరు, వారానికి రెండు గంటలు అటువంటి ఇంట్లో కూర్చుంటే చాలు. కూర్చునేవారికి ఏమి చేయాలో మేము నేర్పుతాము. పక్షవాయువుగలవానిని యేసు ప్రభువు దగ్గరకు మోసుకువచ్చింది నలుగురు. మన ఇళ్లలో ఆ మంచం ఒక్కరే మోస్తున్నారు.